పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

ఆ బడిలో ఎవరికి కోపమొచ్చినా, ఎవరికి పెళ్లి కుదిరినా, ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందుగా తెలిసేది డ్రామా మిస్‌కే. ఆవిడ పనిగట్టుకుని ఆరా తీసే రకం కాదు, పాపం. జనమే వచ్చి చెప్పుకునేవాళ్లు. ఆవిడ ముఖమే అలాంటిది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కాస్త పక్కకు వాల్చి, కళ్లు పెద్దవి చేసి, "అయ్యో, ఆ తర్వాత?" అంటుంది. ఆ "ఆ తర్వాత?" వింటే బండరాయైనా నోరు విప్పాల్సిందే. చెప్పించుకోవడం వచ్చు, సరే. దాచుకోవడం వచ్చా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. ఆవిడ అత్తగారు ఏనాడో తేల్చేసింది: "మా కోడలు బంగారం. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు."

చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల బడి అది. ఏటా విద్యా సంవత్సరం చివర పెద్ద హాల్లో ఒక నాటకం వేస్తారు. చెక్క వేదిక, సగంలో ఇరుక్కునే తెర, ఒక కాలు కింద ఇటుక పెట్టిన పియానో, వేదిక వెనక వేషాల గది. ఆ నాలుగూ డ్రామా మిస్ సామ్రాజ్యం. ఆవిడ పాఠం చెప్పే తీరు కూడా ఒక ప్రత్యేకం. "అరువు కన్నీళ్లు నాకొద్దర్రా. ఎవరి కన్నీళ్లు వాళ్లు తెచ్చుకోండి" అనేది. ఏ వేషం వేసినా ఆ పిల్ల తన బతుకులోంచి ఒక నిజం వెతికి, వేషాల గదిలో మిస్ చెవిన వేయాలి. వేదిక మీద దాన్నే లోపల పెట్టుకోవాలి. రిహార్సల్ అయ్యాక మిస్ అడుగుతుంది: "ఇవాళ లోపల ఏం పెట్టుకున్నావు?" చచ్చిపోయిన కుక్కపిల్ల అని ఒకతి, అక్క పగలగొట్టిన బొమ్మ అని ఇంకొకతి చెప్పేవాళ్లు. మిస్ మురిసిపోయేది.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. రిహార్సల్ మొదలవక ముందు అందరూ గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడి, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. చెప్పుకోవడానికి ఏమీ లేకపోతే, లేదా చెప్పుకోవాలని లేకపోతే, పక్కవాళ్ల చెయ్యి నొక్కితే చాలు, వంతు దాటిపోతుంది. ఎందుకు నొక్కావని ఎవరూ అడగకూడదు.

ఆ చేతులు నొక్కే జాతిలో మొదటిది నిచ్చెన. పిల్ల పొడుగు కాబట్టి బడంతా నిచ్చెన అనే పిలిచేది. ఆ పేరు పెట్టింది దాని ప్రాణస్నేహితురాలు బఠాణీ. అది పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడా నిలవకుండా దొర్లుతూ ఉండేది. బఠాణీ వంతు వచ్చిందంటే వాళ్ల పిల్లి జ్వరం దగ్గర్నుంచి తమ్ముడి పన్ను దాకా దేవుడికి పూస గుచ్చినట్టు చెప్పేది. నిచ్చెన మాత్రం మిస్ చెయ్యో, బఠాణీ చెయ్యో నొక్కి ఊరుకునేది.

ఈ ఏడు నాటకం అందరికీ తెలిసిన ఉపమానమే. తండ్రిని కాదని ఇల్లు వదిలిపోయిన కొడుకు అన్నీ పోగొట్టుకుని తిరిగొస్తాడు. దూరాన వాణ్ణి చూసిన ముసలి తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకుంటాడు. కొడుకు వేషం బఠాణీకి, పొడుగుంది కాబట్టి తండ్రి వేషం నిచ్చెనకి వచ్చాయి. గడ్డం తగిలించి, అంగీ తొడిగితే పిల్ల తండ్రిలాగే ఉంది. నోరు విప్పితే మాత్రం దూది తిన్నట్టు మాట లోపలే ఉండిపోయేది.

మిస్ ఒకరోజు దాన్ని వేషాల గదిలో కూర్చోబెట్టింది.

"ఆ తండ్రి రోజూ గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తాడు తల్లీ. నువ్వెప్పుడైనా ఎవరికోసమైనా అలా ఎదురు చూశావా?"

నిచ్చెన గడ్డానికున్న రబ్బరు తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "చూస్తూనే ఉంటాం మిస్. ప్రతి ఆదివారం."

"అయ్యో, ఎవరికోసం?"

పిల్ల తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది.

"మా నాన్న వేరే ఊళ్లో పని చేస్తున్నాడని చెప్తాం కదా మిస్. అబద్ధం. జైల్లో ఉన్నాడు."

మిస్ తల పక్కకు వాలింది. కళ్లు పెద్దవయ్యాయి. "ఆ తర్వాత?" అనకుండానే మిగతాదంతా వచ్చింది. ఆ తండ్రి వ్యాను నడిపేవాడు. వానలో సైకిలు మీద పోతున్న మనిషిని గుద్దాడు. గుద్ది ఆగలేదు.

"భయమేసిందట మిస్. ఆగుంటే ఆ మనిషి బతికేవాడని జడ్జిగారన్నారు. ఆ మాట మా అమ్మ ఇంట్లో ఎప్పుడూ అనదు. చర్చి అవగానే బస్సెక్కి వెళ్తాం. ఇనప గేటు దగ్గర నిలబెడతారు. లోపల అడుగుల చప్పుడైతే అమ్మ జుట్టు సర్దుకుంటుంది. నేను కాలి వేళ్ల మీద లేస్తాను. పొడుగున్నాను కదా, ముందు నాకే కనిపిస్తాడు."

డ్రామా మిస్ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అందులో నటన లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇంకెవరికైనా తెలుసా ఇది?" అంది.

"బఠాణీకి చెప్పాను. మీకు చెప్పాను. అంతే మిస్. ఎవరికీ చెప్పరు కదా?"

"బైబిలు ప్రకారం మనం ఒట్లు పెట్టుకోకూడదు కాబట్టి ఒట్టు వెయ్యను. నా మాటే ఒట్టనుకో" అంది మిస్. "రేపు వేదిక మీద ఇంకేం చెయ్యకు. అలా కాలి వేళ్ల మీద లే, చాలు."

మర్నాడు రిహార్సల్‌లో నిచ్చెన గుమ్మంలో నిలబడి, మడమలు ఎత్తి, మెడ చాచి, ఎవరూ లేని దారి వైపు చూసింది. అంతే. పియానో మాస్టారు వాయించాల్సిన చోట వాయించడం మరిచిపోయాడు. గొర్రెల వేషం కట్టిన చిన్నపిల్లలు కూడా గోల ఆపేశారు. బఠాణీ పరుగెత్తుకొచ్చి మోకాళ్ల మీద పడగానే, నిచ్చెన దాన్ని అమాంతం ఎత్తి హత్తుకుంది. నాటకమని మరిచిపోయి బఠాణీ భోరుమంది. మిస్‌కి ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ ఆనందంలోనే కొంప మునిగింది.

బుధవారం బడి వదిలాక టీచర్లందరూ స్టాఫ్ రూములో ప్రార్థనకు కూర్చుంటారు. టీ కప్పులు ఒక పక్కకు జరిపి, పాస్టర్ గారు, "ప్రార్థన అంశాలు ఎవరికైనా ఉంటే చెప్పండి" అన్నారు. లెక్కల టీచరు మోకాలి నొప్పి చెప్పింది. ఇంకొకావిడ అద్దె ఇల్లు దొరకడం లేదంది. డ్రామా మిస్ మనసు నిండుకుండలా ఉంది. నిండుకుండ తొణకదంటారు గానీ, ఈవిడ కుండ వేరు.

"పేరు చెప్పను" అని మొదలుపెట్టింది. "మన నాటకంలో తండ్రి వేషం వేస్తున్న పాప కోసం ప్రార్థన చెయ్యాలి..."

పేరు చెప్పలేదట! ఊరికి ఒకే ఒక్క గడియారస్తంభం ఉంటే, 'గడియారస్తంభం ఎదురిల్లు, అడ్రసు మాత్రం అడక్కండి' అన్నట్టు. ఆ బడి మొత్తానికి తండ్రి వేషం ఒకటే, గడ్డం ఒకటే, నిచ్చెన ఒకటే. జైలు, వ్యాను, సైకిలు, గేటు, చివరికి ఆ కాలి వేళ్లు కూడా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. అందులో జాలి ఉంది, కాదనను. కానీ పొల్లుగింజంత గొప్ప కూడా ఉంది: చూశారా, ఎవరికీ నోరు విప్పని పిల్ల నాకు చెప్పుకుంది అని. పాస్టర్ గారు, "అయ్యో ప్రభువా" అంటూ కళ్లు మూసుకుని, ఆ వివరాలన్నీ మళ్లీ ఒకసారి దేవుడికి వరసగా విన్నవించారు. అందరూ ఆమెన్ అన్నారు. పియానో మాస్టారు మాత్రం కళ్లు తెరిచే ఉన్నాడు.

ఆ తర్వాత ఎవరూ చాడీలు చెప్పలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. ఆ బడిలో చాడీలు చెప్పడం పాపం. అందరూ ప్రార్థనే చేశారు. చాడీ అయితే చెవిలో గొణుగుతారు, సిగ్గేసి సగంలో ఆపుతారు. ప్రార్థన అలా కాదు కదా. గొంతెత్తి, వివరంగా, ఒక్క ముక్క వదలకుండా చేయాలి. టీచర్లు ఇళ్లలో చేశారు, తల్లుల ప్రార్థన కూటంలో చేశారు, తల్లులు రాత్రి భోజనాల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి చేశారు.

వారం తిరక్కుండా, నీళ్ల కుళాయి దగ్గర, గొర్రె వేషం పిల్ల ఒకతి నిచ్చెన దగ్గరికి చెంగుచెంగున వచ్చింది.

"అక్కా! మీ నాన్న జైల్లోంచి తొందరగా వచ్చెయ్యాలని మా ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తున్నాం. మా అమ్మ ఏడ్చింది కూడా తెలుసా!"

కుళాయి దగ్గర వరసలో ఉన్నవాళ్లంతా విన్నారు. నిచ్చెన సీసా నిండి పొర్లిపోతోంది. పిల్ల కుళాయి కట్టలేదు. తల తిప్పి, వెనకే ఉన్న బఠాణీని చూసింది. సీసా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

పిల్ల లెక్క తప్పు కాదు. చెప్పింది ఇద్దరికి. ఒకరు మిస్. మిస్ చెప్పరు, మాటే ఒట్టన్నారు. ఇక మిగిలింది వాగుడుకాయ బఠాణీ.

ఆ సాయంత్రం రిహార్సల్‌లో నిచ్చెన గుమ్మంలో మడమలు నేలకు అతికించినట్టు నిలబడింది. కాలి వేళ్ల మీద లేవలేదు. ఎలా లేస్తుంది? అది లేస్తుందేమోనని హాలంతా దాని కాళ్లనే చూస్తోంది. బఠాణీ వచ్చి మోకాళ్ల మీద పడింది. నిచ్చెన దాని భుజం మీద చెయ్యి వేసింది, సొరుగు మూసినట్టు. మాటలన్నీ ఎక్కాలు అప్పజెప్పినట్టు తప్పు లేకుండా అప్పజెప్పింది. కౌగిలింత దగ్గర చేతులు చాచింది గానీ దగ్గరకు రాలేదు.

"మళ్లీ చేద్దాం" అంది మిస్. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

అయిపోయాక బఠాణీ వేషాల గదిలోకి దూసుకొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. "నేను చెప్పలేదు మిస్! మా అమ్మకి కూడా చెప్పలేదు. నాకు ఎంత కష్టమో తెలుసా మిస్, చెప్పకుండా ఉండటం? పిల్లికి కూడా చెప్పలేదు! నిచ్చెన నాతో మాట్లాడటం మానేసింది. బెంచీ మారిపోయింది. మీరొక్క మాట చెప్పండి మిస్. నా మాట నమ్మదు గానీ మీ మాటైతే నమ్ముతుంది."

డ్రామా మిస్ కళ్లు బఠాణీ మీద నిలవలేదు. అంగీల మీదికి పోయాయి, గడ్డాల మీదికి పోయాయి. "నేను మాట్లాడతాలే. నువ్వు ఏడవకు" అంది.

మాట్లాడలేదు. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు. తేలు కుట్టిన దొంగలా తిరిగింది. పియానో మాస్టారు మూత దించుతూ ఒకసారి అననే అన్నాడు: "ఆ పొట్టిపిల్లని ఏడిపిస్తున్నది పొడుగుపిల్ల కాదమ్మా."

"నేను చేసింది ప్రార్థన మాస్టారూ" అంది మిస్, గొంతు పెంచి.

"నేను విన్నాను కదా" అని ఆయన తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆవిడ మంచి మనిషే. ఆ బడిలో అందరూ మంచివాళ్లే, అసలు గొడవంతా అదే. "తల్లుల ప్రార్థన కూటం వాళ్లు ఒక మాట అన్నారమ్మా, ప్రేమతోనే అన్నారు. ఆ ఉపమానంలో తండ్రి అంటే మనకి దేవుడు లెక్క కదా. ఆ పాప పరిస్థితిలో అంత వేషం భారమవుతుందేమో. దానికి కాపరి వేషం ఇచ్చి, వేరే ఎవర్నైనా..."

"ఆ పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యలేరు మేడమ్!"

"చేస్తోందా? నిన్న కిటికీలోంచి చూశాను. కొయ్యబొమ్మలా నిలబడింది. శుక్రవారం వచ్చి చూస్తాను. అప్పటికీ అలాగే ఉంటే మార్చేద్దాం."

మిస్ కుర్చీ అంచు పట్టుకుంది. "తప్పు నాది మేడమ్. నేనే బయటపెట్టాను."

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి ఆశ్చర్యంగా చూశారు. "తప్పేముందమ్మా? ప్రార్థన చెయ్యమని అడిగారు. అది తప్పెలా అవుతుంది?"

చూశారా! శిక్ష వేసేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు, వీపు నిమిరేవాళ్లు మాత్రం ఉన్నారు. డ్రామా మిస్ ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి గుండె కాస్త తేలికపడింది కూడా. ప్రార్థనే కదా, అనుకుంది. ఆ తేలిక మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. మెట్ల కింద నిచ్చెన తల్లి నిలబడి ఉంది.

లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది ఆవిడ. మణికట్టు మీద పాత కాలిన మచ్చ, చేతిలో గొడుగు. "మీతోనే ఒక మాట మేడమ్" అంది. "ఈ ఏడు గడిస్తే దీన్ని వేరే బళ్లో వేద్దామనుకుంటున్నా. నాటకం మానిపించేస్తాను."

"అయ్యో, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అంటే బాగుండేది. తిరిగి అనేదాన్ని. అందరూ మంచిగా ఉంటున్నారు మేడమ్. నిన్న ముగ్గురు ఆడవాళ్లు లాండ్రీకొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి బట్టలు మర్చిపోయి వెళ్లారు. వాళ్ల ముందు రోజంతా కృతజ్ఞత మొహం పెట్టుకుని నిలబడాలంటే దవడలు నొప్పెడుతున్నాయి." నవ్వబోయింది, రాలేదు. "ఆ మనిషి చేసింది నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఆ సైకిలాయన భార్యకి తెలుసు. మేం ముగ్గురం మోస్తే సరిపోయేది. పిల్ల నెత్తికి కూడా ఎక్కింది ఇప్పుడు."

మిస్ నోరు తెరిచింది. తల్లి ఆగలేదు.

"మీ ఒక్కరి మీదే దానికి నమ్మకం. 'మిస్ మాత్రం చెప్పరమ్మా' అంది. ఆ పొట్టిపిల్ల మీదే నాకు బెంగ. మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకున్న పిల్ల. గుమ్మం దగ్గరికొచ్చి నిలబడితే ఇది తలుపు తియ్యనివ్వలేదు. పసిది, ఏదో నోరు జారుంటుంది. మీరైనా చెప్పండి, దాన్ని క్షమించమని."

"చెప్తాను" అని మాత్రం అనగలిగింది డ్రామా మిస్. ఇలాంటి మాటే బఠాణీతో కూడా అంది కదా. ఈ ఊళ్లో తన మాటకు ఎంత విలువుందో ఆ క్షణాన ఆవిడకే తెలిసింది.

ఇంట్లో అత్తగారు కిటికీ పక్క కుట్టుమిషను ముందు కూర్చుని తండ్రి అంగీకి అంచు కుడుతోంది. ఏటా వేషాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. డ్రామా మిస్ గుమ్మంలోనే కూలబడి, అంతా చెప్పేసింది. ఈసారి తల పక్కకు వాల్చలేదు, ఏడవలేదు. అత్తగారు చక్రం ఆపింది.

"నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నాళ్లూ నవ్వుతూ అన్నాను" అంది. "నవ్వకుండా అనాల్సింది."

"రేపు చెప్పేస్తాను అత్తయ్యా. చెప్తే ఆ పిల్ల ఇంక నా మొహం చూడదు."

"చూడదు. అయితే ఏంటంట? నీ మొహం నిలబెట్టడానికి ఆ బుడ్డది ఇంకెన్నాళ్లు ఏడవాలి?" అని అంగీ మడిచి కోడలి ఒళ్లో పడేసింది. "ఇది కూడా తీసుకెళ్లు. అంచు పొడుగుంది, వేసి చూసి పిన్నులు గుచ్చు. చేతికేదో పనుంటే నోరు సాయం చేస్తుంది."

మర్నాడు ఇద్దర్నీ వేషాల గదికి పిలిచింది. నిచ్చెన స్టూలు మీద నిలబడింది. బఠాణీ తలుపు దగ్గరే ఆగింది, పిలిస్తే గానీ రాని కుక్కపిల్లలా. మిస్ కింద కూర్చుని అంగీ అంచుకు పిన్నులు గుచ్చుతోంది. తలెత్తకుండా చెబుదామనుకుంది. అది కూడా దొంగతనమే అనిపించి, పిన్నుల డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీ నాన్న సంగతి బఠాణీ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను."

నిచ్చెన వంగి ఆవిడ మొహంలోకి చూసింది. స్టూలు మీద ఇంకా పొడుగ్గా కనిపిస్తోంది. "మీరా మిస్?"

"నేనే. స్టాఫ్ ప్రార్థనలో."

"ప్రార్థనలోనా?"

"పేరు చెప్పలేదు..." అంది మిస్. అనగానే నాలిక కరుచుకుంది. ఛీ, ఇంకా ఆ మాటేనా!

నిచ్చెన అరవలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. "దేవుడికి ముందే తెలుసు కదా మిస్. గేటు దగ్గర ప్రతి ఆదివారం ఆయనకి నేనే చెప్తున్నాను. మరి మీరు చెప్పింది ఎవరికి?"



ముందు కదిలింది బఠాణీ. "చెప్పలేదన్నానా లేదా!" అని పరుగెత్తుకొచ్చి, స్టూలు మీదున్న నిచ్చెన కాలి మీద చెళ్లున ఒక్కటిచ్చింది. "పిల్లికి కూడా చెప్పలేదే, నిచ్చెన మొహమా!" నిచ్చెన స్టూలు దిగింది, దిగుతూ అంగీ తట్టుకుని బఠాణీ మీద పడింది. ఇద్దరూ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. "గుమ్మం దగ్గర నిలబెట్టాను నిన్ను, నిలబెట్టాను" అంటోంది నిచ్చెన. పిన్నులు ఇద్దరికీ గుచ్చుకుంటున్నా పట్టించుకున్నవాళ్లు లేరు. మిస్ పక్కన నిలబడి చూసింది. ఆ కౌగిలిలో తనకు చోటు లేదని తెలుసు, అడగలేదు.

"నన్ను క్షమించు తల్లీ" అంది చివరికి.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా క్షమించమంటే ఎదుటివాళ్లు వెంటనే, "క్షమించాను" అనాలి. చిన్న తరగతి నుంచీ నేర్పుతారు. ఆ పాఠం నేర్పేది కూడా డ్రామా మిస్సే. నిచ్చెన కళ్లు తుడుచుకుని, అలవాటుగా నోరు తెరిచింది.

"అనొద్దు" అంది మిస్ గబుక్కున. "అనాలి కాబట్టి అనొద్దు. నీకు అనిపించినప్పుడు చూద్దాం. అనిపించకపోతే మానెయ్."

నిచ్చెన నోరు మూసుకుంది. ఆ అనకపోవడం మిస్‌కి చెంపదెబ్బలా తగిలింది. తగలాలి మరి.

ఆ సాయంత్రం ఆవిడ లాండ్రీకి వెళ్లి తల్లికి కూడా చెప్పింది. తల్లి ఇస్త్రీపెట్టె ఆపకుండా వింది. విన్నాక, "నాటకం సంగతి పిల్ల ఇష్టం" అంది. కూర్చోమనలేదు. బుధవారం స్టాఫ్ రూములో పాస్టర్ గారు అంశాలు అడిగినప్పుడు మిస్ లేచి, "ఆ రోజు నేను చేసింది ప్రార్థన కాదు. నమ్మి చెప్పిన పిల్ల గుట్టు పంచిపెట్టాను. మీరు కూడా ఇంక ఆ మాట ఎత్తొద్దు" అంది. గదిలో ఎవరూ ఆమెన్ అనలేదు. లెక్కల టీచరు టీ చల్లారిపోతోందంది. శుక్రవారం ప్రిన్సిపాల్ గారు వచ్చి చూశారు. కౌగిలింత కుదిరింది, మిగతాది అంతంతమాత్రం. "సరే, కానివ్వండి" అని వెళ్లిపోయారు.

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. తెర వెనక అందరూ గుండ్రంగా నిలబడ్డారు. నిచ్చెన గడ్డం అతికించుకుని ఆలస్యంగా వచ్చింది. ఖాళీ ఉన్న చోటు మిస్ పక్కనే. వచ్చి నిలబడి చెయ్యి ఇచ్చింది. ఆ చేతిలో చనువు లేదు, విదిలింపూ లేదు. మొదటి వంతు ఎప్పుడూ మిస్‌దే. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే గొర్రెలు కాళ్లు మార్చుకునేవి, అంత పొడుగు. ఆ రోజు డ్రామా మిస్ కళ్లు మూసుకుని, ఏమీ అనకుండా, నిచ్చెన చెయ్యి నొక్కింది. నిచ్చెన ఒకసారి ఆవిడ వైపు చూసి, బఠాణీ చెయ్యి నొక్కింది. బఠాణీ కూడా నొక్కి ఊరుకుంది, ఇంట్లో పిల్లికి మళ్లీ జ్వరంగా ఉన్నా సరే.

తండ్రి ఎదురు చూసే ఘట్టం వచ్చింది. మొదటి వరస తల్లులంతా ముందుకు వంగి నిచ్చెన కాళ్ల వైపు చూశారు. నిచ్చెన కాలి వేళ్ల మీద లేవలేదు. అసలు గుమ్మం వైపే చూడలేదు. గుమ్మానికి వీపు పెట్టి, ఎవరూ కూర్చోని కుర్చీని అంగీ అంచుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. ఇది మిస్ నేర్పింది కాదు. హాలు వెనక బఠాణీ అడుగుల చప్పుడైంది. కుర్చీ మీద చెయ్యి ఆగింది. తల తిప్పలేదు. తిప్పితే ఎవరూ ఉండరేమోనన్నట్టు అలాగే ఉండిపోయింది. చప్పుడు దగ్గరైంది. అప్పుడు లేచింది, లేచి పరుగెత్తింది, అంగీ కాళ్లకు చుట్టుకుని పడబోయి, గడ్డం ఒక పక్కకు ఊడిపోతున్నా ఆగకుండా వెళ్లి బఠాణీని చుట్టేసుకుంది. గడ్డం ఊడితే నవ్వాల్సిన హాలు నవ్వలేదు. వెనక వరసలో లాండ్రీ ఆవిడ గొడుగు చేతిలోంచి కింద పడింది, తీసుకోలేదు.

తెర సగంలో ఇరుక్కుంది, యథాప్రకారం. చప్పట్లు ఆగలేదు. "మన ప్రార్థనలు ఫలించాయి" అని తల్లులు ఒకరినొకరు పట్టుకుని కళ్లొత్తుకున్నారు. పియానో మాస్టారు, "ఆహా, ఎవరి ఖాతాలో వేసుకుంటున్నారో చూడండి" అని గొణిగాడు.

వేషాల గదిలో నిచ్చెన గడ్డం తీసి బల్ల మీద పెట్టింది. అంగీ మడతలు సరిచేసి దాని పక్కన పెట్టింది. డ్రామా మిస్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఇన్నేళ్ల బోధనలో అలాంటిది ఆవిడ చూడలేదు. ఆ కుర్చీ ఏమిటి? తల తిప్పకపోవడం ఏమిటి? ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇన్నేళ్ల అలవాటు, నోరు ఆగలేదు.

"ఇవాళ లోపల ఏం పెట్టుకున్నావు తల్లీ?"

నిచ్చెన తలెత్తి చూసింది. ముఖంలో కోపం లేదు.

"చెప్పను మిస్."

బయట బఠాణీ, "నిచ్చెనా, మీ అమ్మ పిలుస్తోందే!" అని కేకేసింది. పిల్ల మిస్ పక్కనుంచి, తగలకుండా ఒదిగి, బయటికి వెళ్లిపోయింది.

డ్రామా మిస్ తల అలవాటుగా పక్కకు వాలబోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి, అంగీ అంచుకు మిగిలిపోయిన పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.